ఇంట్లోనే ఇటలీ పునరుజ్జీవన కాలపు కేశాలంకరణ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఐదు వందల ఏళ్ల కిందటి ఇటలీ స్త్రీల జడలను, ముడులను ఇంట్లో వేసుకోవాలనుకునేవారికి కలిగే సందేహాలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. ఆనాటి అలంకరణలను నిలబెట్టినవి ముఖ్యంగా రెండే వస్తువులు: జుట్టులో కలిపి అల్లే రిబ్బను, దానితో జడను తలకు కుట్టే మొద్దు సూది. స్ప్రేలు, జెల్లులు, రబ్బరు బ్యాండ్లు చాలా తరువాత వచ్చాయి. రిబ్బనుతో కుట్టడం చేతికి అలవాటైతే మిగిలిన పనంతా తేలికవుతుంది కనుక ఈ పేజీలో ఎక్కువ చోటు దానికే ఇచ్చాము.

పునరుజ్జీవన కాలపు కేశాలంకరణ అంటే ఎలా ఉంటుంది?

ఆ పేరుతో చెప్పుకోదగిన ఒకే ఒక్క అలంకరణ లేదు. 1480ల ఫ్లోరెన్స్‌లో చెంపల మీదికి అలలుగా జారే ముంగురులు, తల వెనుక జడ చుట్టిన ముడి కనిపిస్తాయి. 1490ల మిలాన్ రాజాస్థానంలో జుట్టును చెవుల మీదుగా నున్నగా దువ్వి, వెనుక గుడ్డ చుట్టిన పొడవాటి జడగా వీపు మీదికి వదిలేవారు. 1530ల నాటికి మాంటువాకు చెందిన ఇసబెల్లా దెస్తె తలపాగాలాంటి గుండ్రటి శిరోవేష్టనంతో తిషియన్ చేత చిత్రం గీయించుకుంది. ఆ శతాబ్దం చివర వెనిస్ స్త్రీలు నుదుటి పైన జుట్టును రెండు కొమ్ముల్లా నిలిపేవారు. ఒక ఊరి ముంగురులకు ఇంకో ఊరి వలను, మరో తరం ముత్యాలను కలిపితే అది ఏ కాలానికీ చెందని వేషమవుతుంది. కాబట్టి మొదట ఒక్క చిత్రాన్ని ఎంచుకుని, అది ఏ ఊరిదో, ఏ సంవత్సరానిదో తెలుసుకుని, అద్దం పక్కన పెట్టుకుని పని మొదలుపెట్టండి.

చిత్రాలలో కనిపించే జుట్టును ఎంతవరకు నమ్మవచ్చు?

అన్ని చిత్రాలనూ ఒకేలా నమ్మకూడదు. ఫ్లోరెన్స్ చిత్రకారుడు బొటిచెల్లి గీసిన ప్రేమదేవత వీనస్ జుట్టు కవి ఊహించిన జుట్టు. గాలిలో అలా తేలే కురులతో ఫ్లోరెన్స్ వీధుల్లో ఎవరూ తిరగలేదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని ష్టేడల్ మ్యూజియంలో ఉన్న ఆయన మరో చిత్రంలో ముత్యాలు, ఈకలు, లెక్కలేనన్ని సన్నజడలు కనిపిస్తాయి. దానిని కూడా ఒక ఆదర్శ సుందరి రూపంగానే చూడాలి తప్ప రోజువారీ అలంకరణగా చూడకూడదు. దొమెనికో ఘిర్లాందయో గీసిన జోవన్నా తోర్నబువోని చిత్రం మాత్రం ఇంట్లో నేర్చుకునేవారికి మంచి ఆధారం. ప్రస్తుతం మాడ్రిడ్‌లోని థీసెన్-బోర్నెమీసా మ్యూజియంలో ఉన్న ఆ చిత్రం మీద 1488 అనే సంవత్సరం రోమన్ అంకెలలో రాసి ఉంది. అలలు ఎక్కడ ఆగుతున్నాయో, జడ ఎటు తిరుగుతోందో అందులో స్పష్టంగా కనిపిస్తుంది.

పక్క నుంచి గీసిన చిత్రాలు రెండో వైపును, తల వెనుక భాగాన్ని చూపించవు. ఆ లోటును పాలరాతి విగ్రహాలు తీరుస్తాయి. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న బెయాత్రీచె దెస్తె విగ్రహం అటువంటిది. శిల్పి జుట్టును అన్ని వైపుల నుంచీ చెక్కక తప్పదు కనుక, జడ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలుసుకోవడానికి శిల్పాన్ని మించిన సాక్ష్యం లేదు.

ఏయే వస్తువులు సిద్ధం చేసుకోవాలి?

పెద్ద పళ్ల దువ్వెన, పాపిడి తీయడానికి సన్నని తోక ఉన్న దువ్వెన, పావు అంగుళం వెడల్పున్న కాటన్ నాడా నాలుగు మీటర్లు, ఊలు కుట్టడానికి వాడే మొన మొద్దుగా ఉన్న పెద్ద సూది, నాలుగైదు యు పిన్నులు ఉంటే చాలు. శాటిన్ రిబ్బను చూడటానికి బాగుంటుంది కానీ జారుతుంది. లోపల కనబడకుండా ఉండేచోట కాటన్ నాడానే వాడండి. నల్లని జుట్టులో నల్ల నాడా కలిసిపోతుంది. పైకి కనిపించాల్సిన చోట మాత్రం తెలుపు, ఎరుపు, బంగారు రంగు రిబ్బన్లు ఆనాటి చిత్రాలకు దగ్గరగా ఉంటాయి.

జుట్టును రిబ్బనుతో కుట్టడం అంటే ఏమిటి? నొప్పి పుట్టదా?

సూది చర్మాన్ని తాకదు. జుట్టు లోంచి మాత్రమే వెళ్తుంది. మన పెళ్లిళ్లలో పూలజడను జడకు దారంతో కుట్టడం చూసినవారికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు.

ముందుగా జడను అల్లి తల మీద ఎక్కడ ఉండాలో అక్కడ ఆనించి, ఒక చేత్తో పట్టుకోండి. సూదికి ఎక్కించిన నాడాను జడ బయటి అంచు కింద, మాడుకు దగ్గరగా ఉన్న జుట్టులోకి దూర్చి, జడ లోపలి అంచు పక్క నుంచి పైకి తీయండి. తరువాత నాడాను జడ మీదుగా తిప్పి, మొదటి కుట్టుకు అంగుళం దూరంలో మళ్లీ కిందికి దూర్చండి. ప్రతి కుట్టుకూ కిందనున్న జుట్టు కొంచెమైనా పట్టుబడాలి. అది పట్టుబడకపోతే నాడా జడను జడకే కడుతుంది, తలకు కట్టదు. కుట్టు బిగించేటప్పుడు నాడాను తలకు సమాంతరంగా లాగాలి. పైకి లాగితే కుదుళ్లు నొప్పిపెడతాయి. పది పన్నెండు కుట్లు పడ్డాక తలను గట్టిగా ఆడించి చూడండి. జడ కదలకపోతే పని కుదిరినట్టే.

పిన్నులు జుట్టును ఒక్కొక్క బిందువు దగ్గరే పట్టి ఉంచుతాయి, బరువంతా ఆ బిందువుల మీదే పడుతుంది. నాడా బరువును తల చుట్టూ పంచుతుంది. అందుకే పొడవైన, ఒత్తైన జుట్టు ఉన్నవారికి పిన్నుల కన్నా ఇదే ఎక్కువ హాయిగా ఉంటుంది. ఉదయం కుట్టిన ముడిని రాత్రి వరకు సర్దుకోవలసిన పని ఉండదు.

రోమన్ కాలపు కేశాలంకరణలను కూడా సూదీ దారంతో కుట్టేవారని అమెరికాలోని బాల్టిమోర్‌కు చెందిన కేశాలంకరణ నిపుణురాలు జానెట్ స్టీఫెన్స్ తన వృత్తి అనుభవంతో నిరూపించి, 2008లో ఒక పురావస్తు పత్రికలో వ్యాసం ప్రచురించింది. అంతవరకు ఆ జడలన్నీ విగ్గులై ఉంటాయని చాలామంది పండితులు అనుకునేవారు. చేతిపని తెలిసినవారు చరిత్రను చదివితే ఎంత మేలో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

జోవన్నా తోర్నబువోని ముడిని ఎలా వేసుకోవాలి?

దీనికి వీపు మధ్య వరకైనా జుట్టు ఉంటే మంచిది. పని ముందురోజు రాత్రే మొదలవుతుంది. నుదుటి నుంచి నడినెత్తి వరకు మధ్య పాపిడి తీసి, అక్కడి నుంచి రెండు చెవుల దాకా అడ్డంగా మరో పాపిడి తీయండి. ఇప్పుడు ముందు భాగం రెండుగా, వెనుక భాగం ఒకటిగా విడిపోతుంది. ముందు భాగాలను కొద్దిగా తడిపి, ఒక్కోవైపు నాలుగైదు సన్నజడలు బిగుతుగా అల్లి పడుకోండి. ఉదయం పూర్తిగా ఆరాక మాత్రమే విప్పాలి. తడి మిగిలి ఉంటే అలలు గంటలోపే సాగిపోతాయి. విప్పాక దువ్వెన పెట్టకుండా వేళ్లతో మాత్రమే విడదీయండి.

వెనుక భాగాన్ని తల వెనుక, చెవుల పైఅంచు కన్నా కొంచెం ఎత్తులో గుప్పిట పట్టి, రెండు మీటర్ల నాడా మధ్యభాగంతో మూడు చుట్లు చుట్టి ముడి వేయండి. నాడా రెండు కొసలూ చెరో మీటరుకు కాస్త తక్కువగా వేలాడుతూ ఉంటాయి. జుట్టును మూడు పాయలు చేసి, రెండు పాయలలో ఒక్కో నాడా కొసను కలిపి చివరి దాకా అల్లండి. చివర ఒక కొసతో జడను కట్టేసి, రెండో కొసను సూదికి ఎక్కించండి. జడను మొదలు చుట్టూ తలకు ఆనేలా చుట్టుకుంటూ, పైన చెప్పిన పద్ధతిలో కుట్టండి. చుట్ట ఎత్తుగా లేవకూడదు. చిత్రంలో ఆ ముడి తల ఆకారాన్ని వెనక్కి పొడిగించినట్టు ఉంటుంది.

తరువాత ముందు భాగానికి రండి. నుదుటి దగ్గరి జుట్టును వదులుగా వెనక్కి తీసుకుని, కొద్దిగా మెలిపెట్టి, ముడి చుట్టూ తిప్పి యు పిన్నుతో దోపండి. కణతల దగ్గరి పాయలను మాత్రం చెంపల మీదికి వదలండి. ఆనాటి ఫ్లోరెన్స్ స్త్రీలు ఈ పాయలను పొట్టిగా కత్తిరించుకునేవారు, కనుకనే అవి చెంప దగ్గర ఆగిపోతాయి. మీరు కత్తిరించుకోనక్కరలేదు. పాయను దవడ దాకా వదులుగా జారనిచ్చి, మిగిలిన పొడవును చెవి వెనుక నుంచి తీసుకెళ్లి ముడి కింద దాచేయండి. ఎదుటి నుంచి చూసేవారికి అది కత్తిరించిన ముంగురుల్లాగే కనిపిస్తుంది.

మొదటిసారి చేసేవారికి తోడుగా ఇంకొకరు ఉంటే బాగుంటుంది. తల వెనుక కుట్లు వేయడం అద్దంలో చూస్తూ నేర్చుకోవడం కన్నా, కళ్లు మూసుకుని వేళ్ల స్పర్శతో నేర్చుకోవడం తేలిక.

మిలాన్ జడ ఎలా వేస్తారు? మన జడకు, దానికి తేడా ఏమిటి?

ఇటాలియన్లు దానిని కొవాత్సోనే అంటారు. స్పెయిన్‌లో పుట్టిన ఈ అలంకరణ నేపుల్స్‌ను ఏలిన ఆరగోన్ వంశం ద్వారా ఉత్తర ఇటలీకి చేరింది. 1491లో మిలాన్‌ను ఏలుతున్న లుడొవికో స్ఫోర్జాను పెళ్లాడిన బెయాత్రీచె దెస్తె దీనిని ఎంతగా ఇష్టపడిందంటే ఆమె చిత్రాలను, విగ్రహాన్ని ఈ జడతోనే గుర్తుపడతాము. లియొనార్డో డావించీ గీసిన చెచీలియా గల్లెరాని చిత్రం, అంటే పోలండ్‌లోని క్రాకోలో ఉన్న, చేతిలో తెల్లని ఎర్మిన్ జంతువును పట్టుకున్న యువతి చిత్రం, ఇదే పద్ధతిని ముందు వైపు నుంచి చూపిస్తుంది.

ఇందులో నాలుగు భాగాలు ఉంటాయి. జుట్టును మధ్య పాపిడితో రెండు చెవులనూ కప్పేలా నున్నగా దువ్వి మెడ దగ్గర కట్టాలి. తల వెనుక భాగానికి త్రిన్సాలే అనే వల లేదా పలుచటి గుడ్డ టోపీ పెట్టాలి. దానిని నిలపడానికి నుదుటి మీదుగా లెన్సా అనే సన్నని పట్టీ కట్టాలి. చివరగా, మెడ దగ్గర నుంచి దిగే జుట్టుకు పొడవాటి గుడ్డ చుట్టి, పైన రిబ్బనును అడ్డదిడ్డంగా కాక, ఒకే దూరంలో గుణకారపు గుర్తులు వరుసగా వచ్చేలా బిగించాలి. పాత పట్టు చీర నుంచి నాలుగు అంగుళాల వెడల్పున కత్తిరించిన పట్టీ ఈ చుట్టుకు బాగా పనికివస్తుంది; జరీ అంచు ఉంటే ఇంకా మంచిది.

మన జడలో అల్లిక పైకి కనిపిస్తుంది, అందం అందులోనే ఉంటుంది. మిలాన్ జడలో జుట్టు గుడ్డ లోపల దాగుతుంది, అందం గుడ్డలోను, రిబ్బనులోను ఉంటుంది. అందువల్ల జుట్టు పలుచగా ఉన్నవారికి, సవరం పెట్టుకునేవారికి ఇది ఎంతో అనుకూలం. సవరం రంగు సొంత జుట్టుతో కలవకపోయినా ఫరవాలేదు.

చెచీలియా చిత్రాన్ని చూసి చాలామంది ఒక పొరపాటు చేస్తారు. చెంపల మీది జుట్టు గడ్డం కిందికి వెళ్లి కలుసుకున్నట్టు ఆ చిత్రంలో కనిపిస్తుంది. నిజానికి అక్కడ ఉన్నది పారదర్శకమైన పలుచటి మేలిముసుగు. తరువాతి కాలంలో ఎవరో చిత్రాన్ని దిద్దుతూ దానికి జుట్టు రంగు వేశారు. కాబట్టి జుట్టును గడ్డం కింద కట్టుకోవడానికి ప్రయత్నించకండి.

నా జుట్టు భుజాల దాకానే ఉంది. ఏం చేయగలను?

నిశ్చింతగా సవరం వాడండి. ఆ కాలపు స్త్రీలు కూడా అరువు జుట్టును, పట్టు దారాలను విరివిగా వాడేవారు. లీడా అనే పురాణ స్త్రీ తల కోసం లియొనార్డో గీసిన రేఖాచిత్రాలలో, ఇంగ్లండ్‌లోని విండ్సర్‌లో భద్రపరచిన ఒక కాగితం మీద, ఆ అల్లికను పాడుకాకుండా తీసి పెట్టుకోవచ్చని ఆయనే రాసుకున్నాడు. అంటే ఆయన మనసులో ఉన్నది తలకు తొడిగే అల్లిక!

సవరాన్ని మెడ దగ్గర గట్టిగా కట్టిన జుట్టు మొదట్లో నాడాతో కలిపి బిగించండి, మొదటి రెండు అంగుళాలలో మూడు కుట్లు వేయండి. జుట్టు ఇంకా పొట్టిగా ఉంటే జినేవ్రా దె బెంచీ అలంకరణ సరిపోతుంది. వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న లియొనార్డో చిత్రంలో ఆమె జుట్టు మధ్య పాపిడితో నున్నగా వెనక్కి వెళ్తుంది, ముఖం చుట్టూ మాత్రం చిన్న చిన్న ఉంగరాలు ఉంటాయి. ఆ ఉంగరాలకు గుడ్డపీలికలు చుట్టి రాత్రంతా ఉంచితే చాలు.

తలకు నూనె రాసుకోవచ్చా?

తలస్నానం చేసిన మరునాటి జుట్టు అన్నిటికన్నా అనువైనది. అప్పుడే కడిగిన జుట్టు జారిపోతుంది, నూనె ఎక్కువైన జుట్టులో అలలు నిలబడవు. రెండు చుక్కల కొబ్బరి నూనెను అరచేతుల్లో రుద్దుకుని జడ అల్లే భాగానికి మాత్రం రాయండి. ముంగురుల జోలికి వెళ్లకండి. అలలు నిలవడానికి అవిసె గింజలను నీళ్లలో ఉడికించి వడకట్టిన పలుచటి జిగురు పనికివస్తుంది, కడిగితే సులువుగా పోతుంది.

నల్లని జుట్టుకు ఈ అలంకరణలు నప్పుతాయా? రంగు వేసుకోవాలా?

తప్పకుండా నప్పుతాయి. ఆనాటి కవులు బంగారు రంగు జుట్టును పొగిడారు, ఆ పొగడ్త వల్లనే వెనిస్ స్త్రీలు నానా తంటాలు పడ్డారు. చెజారె వెచెల్లియో 1590లో ప్రచురించిన వేషధారణల గ్రంథంలో ఆ వర్ణన ఉంది. ఇళ్ల పైకప్పుల మీద కట్టిన ఆల్తానా అనే చెక్క వేదికల మీద కూర్చుని, నడినెత్తి భాగం లేని వెడల్పైన గడ్డి టోపీ పెట్టుకుని, జుట్టును పైనుంచి బయటికి తీసి అంచు మీద పరచి, కర్రకు కట్టిన స్పంజితో మందునీళ్లు తడుపుతూ ఎండలో ఆరబెట్టుకునేవారు. ఆ మందునీళ్లను, వాటి వంటకాలను ఈనాడు అనుకరించనే వద్దు. జుట్టును, మాడును కాల్చే పదార్థాలు వాటిలో ఉండేవి.

అందరి జుట్టూ బంగారు రంగులో ఉండేది కాదు. రఫాయెల్ గీసిన, ఫ్లోరెన్స్ పిట్టి ప్యాలెస్‌లో ఉన్న మేలిముసుగు యువతి చిత్రాన్ని చూడండి. మధ్య పాపిడి తీసిన ముదురు రంగు జుట్టు, దాని మీద ఒక్క ముత్యపు ఆభరణం! నల్లని జుట్టు మీద ముత్యం, తెల్లని నాడా ఎంత వెలుగుతాయో అందులో తెలుస్తుంది. ఆ విషయంలో మనకే వీలు ఎక్కువ అని నా అభిప్రాయం.

అప్పటిలా నుదురు ఎత్తుగా కనిపించాలంటే?

వాళ్లు నుదుటి పైని వెంట్రుకలను పీకేసుకునేవారు. మీరు ఆ పని చేయకండి; పదేపదే పీకిన చోట వెంట్రుకలు మళ్లీ రాకపోవచ్చు. జుట్టును నుదుటి నుంచి నేరుగా వెనక్కి దువ్వి, పాపిడిబిళ్ల వంటివేమీ పెట్టకుండా వదిలితే చాలు.

ముత్యాలు, వలలు ఎలా అమర్చాలి?

ముత్యాల పేరును జడతోపాటు కలిపి అల్లకండి, దారం తెగుతుంది. జడ కుట్టడం పూర్తయ్యాక, జడ పాయల మధ్య గాడి వెంబడి పేరును పరచి, అంగుళానికొక చోట సన్నదారంతో పట్టివేయండి. బంగారు వల కావాలనుకునేవారు బ్రొంజీనో 1545 ప్రాంతంలో గీసిన తొలేదో ఎలియనోరా చిత్రాన్ని ఆధారంగా తీసుకోవచ్చు. జరీ దారంతో క్రోషే అల్లిన వలకు ముడులున్న చోట చిన్న ముత్యాలు కుడితే ఆ పోలిక వస్తుంది. అయితే అది రాజకుటుంబపు ఆడంబరం. ఇటలీ నగరాలు ఎవరు ఎన్ని ముత్యాలు, ఎంత బంగారం ధరించవచ్చో చట్టాలు చేసి మరీ కట్టడి చేసేవి. వ్యాపారి ఇంటి అమ్మాయిగా వేషం వేస్తున్నవారికి ఒక్క పేరు చాలు.

పెళ్లైనవారు తల కప్పుకునేవారా?

సాధారణంగా కప్పుకునేవారు. విరబోసిన జుట్టు కన్యలకు, పెళ్లికూతుళ్లకు చెందినది. పెళ్లైన స్త్రీలు వల, మేలిముసుగు, టోపీలలో ఏదో ఒకటి ధరించేవారు. సంపన్నుల ఇళ్లలో అది పేరుకు మాత్రమే ఉండేంత పలుచగా ఉండేది. పలుచటి మస్లిన్ ముక్కను ముడి మీద కప్పి రెండు పిన్నులు పెడితే ఆ నియమం పాటించినట్టే.

మగవారికి ఏమైనా ఉందా?

ఉంది, అదీ తేలిక. పదిహేనో శతాబ్దపు ఇటలీ యువకులు జుట్టును భుజాల దాకా సమానంగా పెంచి, చివరలను లోపలికి తిప్పుకునేవారు. చివరలకు రాత్రి గుడ్డపీలికలు చుడితే సరిపోతుంది.

అమెరికాలో రెనెసాన్స్ ఫెస్టివల్‌కు వెళ్తున్నాము. ఏది ఎంచుకోవాలి?

టెక్సస్‌లో 1974 నుంచి జరుగుతున్న రెనెసాన్స్ ఫెస్టివల్ వంటి ఉత్సవాలకు అక్కడి తెలుగు కుటుంబాలు కూడా పిల్లలతో వెళ్తుంటాయి. ఎండలో, దుమ్ములో రోజంతా నడవాలి కనుక ముంగురులు వదిలే అలంకరణ కన్నా తల చుట్టూ కుట్టిన జడలు మేలు. చెవుల వెనుక నుంచి రెండు జడలు నాడా కలిపి అల్లి, ఒకదాని మీదుగా ఒకటి నడినెత్తి మీదికి తెచ్చి, పైన చెప్పిన కుట్టుతో బిగించండి. కొసలను ఎదుటి జడ కింద దాచాలి. పిల్లలకు నాడాను కాస్త వదులుగా కుట్టండి. తలనొప్పి అంటే వెంటనే రెండు కుట్లు సడలించండి, అలంకరణ చెడిపోదు.

ఇంగ్లండ్ రాణి మొదటి ఎలిజబెత్ మాదిరి జుట్టు సాధ్యమేనా?

సాధ్యమే కానీ అది వేరే పద్ధతి. జుట్టును సన్నని ఉంగరాలుగా తిప్పి, నుదుటి పైన మెత్తటి దిండులాంటి ఊతం మీదుగా వెనక్కి దువ్వాలి. పెద్ద వయసులో ఆమె వాడినవి విగ్గులు. ఇక్కడ చెప్పిన మూడు ఇటలీ అలంకరణలూ చేతికి వచ్చాక దాని జోలికి వెళ్లడం మంచిది.

పని అయ్యాక జుట్టు చిక్కుపడకుండా ఎలా విప్పాలి?

కత్తెర ముట్టుకోకండి. నాడా అనుకుని జుట్టు కత్తిరించే ప్రమాదం ఉంది. చివరి ముడిని సూది మొనతో వదులు చేసి, కుట్లను వేసిన వరుసకు వెనక నుంచి ఒక్కొక్కటిగా లాగండి. నాడా ఎక్కడైనా పట్టేస్తే అక్కడ ఒక చుక్క నూనె వేసి, జడను కొద్దిగా పైకెత్తి లాగండి. ముత్యాల పేరు ఉంటే దానిని అన్నిటికన్నా ముందు తీసేయాలి. జడలు విప్పాక చివరల నుంచి మొదలుపెట్టి పైకి దువ్వుకుంటూ రండి. నాడాను గోరువెచ్చని నీటిలో ఉతికి, చదునుగా ఆరబెట్టి, కర్రకు చుట్టి పెట్టుకుంటే మడతలు పడకుండా మళ్లీ మళ్లీ పనికివస్తుంది.